దూరమొకటి – కాలమొకటి

ఉద్దేశం

పత్రికలోనో ప్రకటనలోనో ఒక సంఖ్య కనిపించినప్పుడు దానిని ఉన్నదున్నట్లు స్వీకరించకుండా, అది దేనిని కొలుస్తున్నదో విచారించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం. విజ్ఞాన విషయాలను తెలుగులో సుబోధకంగా చెప్పే వచన రచనతో పరిచయం కలిగించడం మరొక ఉద్దేశం.

నేపథ్యం

ఉన్నత విద్య కోసం, ఉద్యోగం కోసం తెలుగువారు ఖండాంతరాలకు వెళ్లడం నేడు సాధారణమైంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడివారు ఇక్కడికి రావడానికి, ఇక్కడివారు అక్కడికి పోవడానికి ఎంత దూరం, ఎంత సమయం అన్న ప్రశ్న ఎన్నో ఇళ్లలో వినిపించేదే. పైకి సులభంగా కనిపించే ఈ ప్రశ్నకు సమాధానం ఎన్ని విధాలుగా ఉంటుందో ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమాన మార్గం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

“ఎంత దూరం?” అని అడిగితే మన పూర్వులు రెండు విధాలుగా సమాధానం చెప్పేవారు. క్రోసు, ఆమడ అని నేలను కొలిచి చెప్పడం ఒక పద్ధతి. జాము ప్రయాణం, పూట ప్రయాణం, మూడు మజిలీల దారి అని కాలాన్ని బట్టి చెప్పడం మరొక పద్ధతి. కాలినడకన, ఎడ్లబండ్ల మీద, పల్లకీలలో సాగిన ఆ ప్రయాణాలలో ఈ రెండింటికీ పెద్దగా పేచీ ఉండేది కాదు. దూరం పెరిగితే కాలం పెరిగేది. ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్టణం నుంచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆయన తన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఊరికీ ఊరికీ మధ్యగల దూరాన్ని, దిగిన మజిలీలను వ్రాసుకుంటూ పోయారు. ఆ యాత్రకు దూరమే కాలం, కాలమే దూరం.

విమానం వచ్చిన తరువాత ఈ రెండింటి పొత్తు చెదిరింది. అది ఎట్లాగో ఒక్క ఉదాహరణతో తెలుసుకుందాం. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం? గోడమీది ప్రపంచపటం మీద తూర్పు దిశగా తిన్నని గీత గీసి, ఆ గీత వెంబడి ప్రయాణిస్తే దాదాపు 15,000 కిలోమీటర్లు. గోళం మీద కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు. అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళ్లిన విమానం నడిచిన దారి 13,900 కిలోమీటర్లు. పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్లిన విమానం నడిచిన దారి 15,300 కిలోమీటర్లు. ఈ నాలుగు సంఖ్యలూ సత్యమే. ఇంకొక విచిత్రం ఉన్నది. విమానాలు నడిచిన ఆ రెండు దారులలో ముందుగా గమ్యం చేర్చినది పొడవైన దారి. ఇది ఎట్లా సంభవించిందో క్రమంగా పరిశీలిద్దాం.

మొదట పటానికీ గోళానికీ ఉన్న భేదాన్ని గమనించాలి. మన తరగతి గదులలో వ్రేలాడే ప్రపంచపటం చాలావరకు 1569లో మెర్కేటర్ రూపొందించిన పద్ధతికి, లేదా దానిని పోలిన పద్ధతులకు చెందినది. దిక్సూచి చూసుకొని ఓడ నడిపే నావికునికి ఆ పటం ఎంతో ఉపకరించింది. కాని గుండ్రని భూమిని చదునైన కాగితం మీద పరిచేటప్పుడు ఏదో ఒక వికారం తప్పదు. బత్తాయి తొక్కను ఒలిచి బల్లమీద పరచబోతే అది చీలక తప్పదు కదా! చీలకుండా పరచాలంటే సాగదీయవలసిందే. అందువల్ల ఆ పటంలో ధ్రువాల సమీపంలోని ప్రదేశాలు ఉన్నదానికంటే ఎంతో విశాలంగా కనిపిస్తాయి. పటం మీద తిన్నగా కనిపించే గీత భూమి మీద దగ్గరి దారి కానవసరం లేదు.

దగ్గరి దారి కావాలంటే గోళం దగ్గరకు పోవాలి. గోళం మీద ఢిల్లీ దగ్గర దారం ఒక కొసను నొక్కిపట్టి, రెండవ కొసను శాన్‌ఫ్రాన్సిస్కో వరకు బిగుతుగా లాగితే ఆ దారం తూర్పుకు పోదు, పడమరకూ పోదు. ఉత్తరానికి ఎగబాకి, ధ్రువానికి చేరువగా పోయి, అవతలి వైపు దిగుతుంది. ఈ దారం గోళాన్ని రెండు సమభాగాలుగా చేసే ఒక వృత్తంలో భాగం. దానినే మహావృత్తం అంటారు. గోళం మీద రెండు బిందువుల మధ్య అత్యల్ప దూరం ఎప్పుడూ మహావృత్తం వెంబడే ఉంటుంది. ఆ దారిని తిరిగి పటం మీద గీస్తే విల్లులా వంగి కనిపిస్తుంది. ఒంపు తిరిగిన దారే ఒక్కొక్కసారి దగ్గరి దారి.

ఈ విషయాన్ని విద్యార్థులు స్వయంగా లెక్క కట్టి చూడవచ్చు. ఢిల్లీ సుమారు 77 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 122 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నది. అంటే ఈ రెండు నగరాలూ భూగోళానికి ఇంచుమించు ఎదురెదురు వైపుల ఉన్నాయి. ఢిల్లీ అక్షాంశం ఉత్తరంగా సుమారు 28.6 డిగ్రీలు. ధ్రువం 90 డిగ్రీలు కనుక, ఢిల్లీ నుంచి ధ్రువానికి 61.4 డిగ్రీలు ఎక్కాలి. శాన్‌ఫ్రాన్సిస్కో అక్షాంశం సుమారు 37.6 డిగ్రీలు కనుక, ధ్రువం నుంచి అక్కడికి 52.4 డిగ్రీలు దిగాలి. మొత్తం 113.8 డిగ్రీలు. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే 12,600 కిలోమీటర్లకు కొంచెం పైన వస్తుంది. సరిగ్గా ధ్రువం మీదికి పోకుండా దాని పక్కగా పోతే మరి రెండు వందల కిలోమీటర్లకు పైగా కలిసివస్తుంది. అదే మనం పైన చెప్పుకొన్న 12,400 కిలోమీటర్ల దూరం.

ఇది కేవలం లెక్క కాదు, ఆచరణలో నిరూపితమైనదే. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలిసారిగా విరామం లేని విమానాన్ని నడిపింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ ఆ విమానాన్ని ఉత్తరధ్రువం మీదుగా నడిపారు. నలుగురూ మహిళలే. దాదాపు 14,000 కిలోమీటర్ల ఆ ప్రయాణానికి సుమారు 17 గంటలు పట్టింది.

దగ్గరి దారి ఉత్తరాన ఉన్నదని తెలిసిన తరువాత, అన్ని విమానాలూ ఆ దారినే ఎందుకు పోవు? అని ప్రశ్న కలుగుతుంది. అక్కడి చలి మొదటి కారణం. విమానాలలో విరివిగా వాడే జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది. ధ్రువ ప్రాంతపు ఆకాశంలో అంతకు మించిన చలి ఉండవచ్చు. కనుక రెక్కలలోని ఇంధనం ఎంత చల్లబడుతున్నదో విమానచోదకులు కనిపెట్టి ఉండాలి. అత్యవసరంగా దిగవలసి వస్తే తగిన విమానాశ్రయం దగ్గరలో లేకపోవడం రెండవ కారణం. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోతున్న విమానంలో ఒక ఇంజనులో లోపం తలెత్తింది. అందులో 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. ఆ విమానం రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్ పట్టణంలో క్షేమంగా దిగింది. ముంబయి నుంచి మరొక విమానం వెళ్లి వారిని శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చేవరకు ప్రయాణికులు అక్కడే తాత్కాలిక వసతులలో గడిపారు. కాబట్టి ఆకాశమార్గాన్ని నిర్ణయించేవారు గమ్యం ఎంత దూరమని మాత్రమే చూడరు. దారిలో ఏ క్షణాన ఏ విమానాశ్రయం ఎంత దూరంలో ఉంటుందో కూడా చూస్తారు.

ఇక గాలి సంగతి. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు మేఘునికి దారి చెబుతూ, కొంత చుట్టు అయినా సరే ఉజ్జయిని మీదుగా పొమ్మంటాడు. అది సౌందర్యం కోసం చెప్పిన చుట్టుదారి. విమానచోదకులు ఎన్నుకొనే చుట్టుదారికి కారణం వేరు. అది గాలి కోసం.

ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసును ప్రారంభించింది. అప్పుడు విమానం పడమటి దిక్కుగా ఐరోపా మీదుగా అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి, ఉత్తర అమెరికా ఖండం మీదుగా పోయేది. 13,900 కిలోమీటర్ల ఆ దారికి సుమారు పదహారున్నర గంటలు పట్టేది. 2016 అక్టోబరులో దారి మార్చారు. విమానం తూర్పు దిక్కుగా బంగ్లాదేశ్, మయన్మార్, చైనా, జపాన్‌ల మీదుగా పోయి పసిఫిక్ మహాసముద్రాన్ని దాటింది. దారి 15,300 కిలోమీటర్లకు పెరిగింది. కాలం సుమారు పదునాలుగున్నర గంటలకు తగ్గింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగితే కాలం దాదాపు రెండు గంటలు తగ్గిందన్నమాట! ఇటువంటి పెద్ద విమానం గంటకు సుమారు తొమ్మిది వేల లీటర్ల ఇంధనాన్ని ఖర్చు చేస్తుంది. రెండు గంటలు మిగిలితే ఎంత ఇంధనం, ఎంత ధనం మిగులుతుందో ఊహించవచ్చు.

ఈ రెండు ప్రయాణాల సగటు వేగాన్ని లెక్కిద్దాం. అట్లాంటిక్ దారిలో 13,900 కిలోమీటర్లను పదహారున్నరతో భాగిస్తే గంటకు సుమారు 842 కిలోమీటర్లు. పసిఫిక్ దారిలో 15,300 కిలోమీటర్లను పదునాలుగున్నరతో భాగిస్తే గంటకు సుమారు 1,055 కిలోమీటర్లు. విమానం ఒకే రకానికి చెందినది. నిశ్చలమైన గాలిలో దాని వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లు. మొదటి దారిలో గాలి వెనక్కు లాగింది, రెండవ దారిలో ముందుకు తోసింది. గోదావరిలో పడవ నడిపేవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. వాలుకు పోయే పడవ, ఎదురెక్కే పడవ ఒకే తెడ్డుతో నడిచినా ఒకే వేళకు రేవు చేరవు.

ఆకాశంలోని ఈ నదులకు జెట్ స్ట్రీమ్‌లని పేరు. సమశీతోష్ణ మండలాలలో, నేలకు సుమారు తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, ఇవి పడమటి నుంచి తూర్పుకు ప్రవహిస్తాయి. చలికాలంలో వీటి ఉధృతి ఎక్కువ. జపాన్ మీద ఒక్కొక్కప్పుడు వీటి వేగం గంటకు 300 కిలోమీటర్లను మించుతుంది. ఈ గాలులను 1920లలోనే జపాన్‌కు చెందిన వసాబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త కనుగొన్నారు. టటెనో వేధశాల నుంచి బెలూన్లను ఎగురవేసి, అవి కొట్టుకుపోయే తీరును కొలిచి ఆయన ఈ నిర్ణయానికి వచ్చారు. తన పరిశోధనను ప్రపంచమంతా చదవాలనే ఆశతో 1926లో ఎస్పరాంటో భాషలో ప్రకటించారు. అది అన్ని జాతుల వారికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన భాష. కాని ఆ భాష తెలిసినవారు స్వల్పం కావడంతో ఆ పరిశోధన విదేశీయుల దృష్టికి దాదాపు రాలేదు. 1944లో జపాన్ మీద ఎత్తున ఎగిరిన అమెరికా యుద్ధవిమానాలు ఆ మహావేగపు గాలులలో చిక్కుకొన్నాయి. తెలిసిన సత్యమైనా, పాఠకునికి అందే భాషలో చెప్పకపోతే తెలియనట్లే ఉండిపోతుందని ఈ ఉదంతం వల్ల గ్రహించాలి.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతున్నది కనుక, పడమరకు పోయే విమానానికి గమ్యమే ఎదురువస్తుందని, అందువల్ల త్వరగా చేరుతుందని కొందరు భావిస్తారు. అది నిజం కాదు. భూమితోపాటు వాయుమండలమూ తిరుగుతున్నది. విమానం ఆ గాలిలో ఈదుతున్నది. గాలి భూమితో కలిసి తిరగకపోతే, భూమధ్యరేఖ దగ్గర నిలుచున్న మనిషికి గంటకు 1,600 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎదురుగాలి కొట్టవలసి ఉంటుంది. అటువంటిదేమీ జరగడం లేదు. ప్రయాణ కాలాన్ని మార్చేది భూభ్రమణం కాదు, భూమితో కలిసి తిరుగుతూనే ఇంకా వేగంగా ప్రవహించే గాలి. ఆకాశయానంలో కాలి కింది నేల కంటే తలమీది గాలి ఎక్కువ లెక్కకు వస్తుంది.

గాలి వలెనే రాజకీయాలు కూడా దారిని మారుస్తాయి. ప్రతి దేశానికీ తన నేల మీది గగనతలంపై అధికారం ఉన్నది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత రష్యా గగనతలం అనేక పాశ్చాత్య దేశాల విమానాలకు మూతపడింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ నుంచి జపాన్ రాజధాని టోక్యోకు అంతకుముందు తొమ్మిదిన్నర గంటలలో చేరిన విమానానికి, చుట్టు తిరిగిపోవడం వల్ల సుమారు పదమూడు గంటలు పట్టింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది. దానితో ఢిల్లీ నుంచి పడమటికి పోయే ప్రయాణాలు దీర్ఘమయ్యాయి. కొన్ని విమానాలు ఇంధనం కోసం ఐరోపా నగరాలలో ఆగవలసి వచ్చింది. రెండు నగరాల నడుమ నేల ఒక్క అంగుళం కూడా పెరగలేదు. పెరిగింది ప్రయాణం మాత్రమే.

ప్రకటనలలో ముద్రించే దూరాన్ని కూడా వివేకంతో చదవాలి. సింగపూర్ – న్యూయార్క్ సర్వీసు ప్రపంచంలోని అతి దీర్ఘ విమానయానాలలో ఒకటిగా ప్రసిద్ధి కెక్కింది. దాని దూరం సుమారు 15,350 కిలోమీటర్లని, కాలం 18 గంటలకు పైగా అని చెబుతారు. ఆ దూరం గోళం మీది అత్యల్ప దూరం. గాలిని వెతుక్కుంటూ పోయే విమానం నిజంగా నడిచే దారి అంతకంటే ఎక్కువ. 15,300 కిలోమీటర్ల ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో పసిఫిక్ దారితో దీనిని పోల్చి, ఒకే దూరానికి రెండు కాలాలు ఎందుకని ఆశ్చర్యపడకూడదు. ఒకటి గోళం మీద కొలిచిన దూరం, మరొకటి ఆకాశంలో నడిచిన దూరం.

ఇంతవరకు దూరాన్ని విచారించాం. కాలంలోనూ ఇటువంటి చిక్కులే ఉన్నాయి. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మన గడియారం కంటే పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో అక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కనుక తేడా పన్నెండున్నర గంటలు. చలికాలంలో ఒక సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి, పసిఫిక్ మీదుగా పదునాలుగున్నర గంటలు ప్రయాణించామనుకొందాం. దిగేవేళకు ఢిల్లీలో సోమవారం సాయంత్రం ఆరున్నర. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం అదే సోమవారం తెల్లవారుజామున 5 గంటలు. టికెట్ మీద ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారం ప్రకారమే ముద్రిస్తారు. అది మాత్రమే చూసినవారు ఒక గంట ప్రయాణమని భ్రమపడవచ్చు. పసిఫిక్ నడుమ అంతర్జాతీయ దినరేఖను తూర్పుకు దాటేటప్పుడు ఒక తేదీ వెనక్కు పోవడమే దీనికి కారణం. ఆ ప్రయాణికునికి ఒకే సోమవారం నాడు రెండు సూర్యోదయాలు.

గడియారాన్ని క్షణంలో తిప్పుకోవచ్చు. దేహాన్ని తిప్పుకోలేము. నిద్రను, ఆకలిని, శరీరపు వేడిని నియమించే ఒక గడియారం మన లోపల ఉన్నది. జీవకణాలలో అది ఎట్లా పనిచేస్తుందో నిరూపించినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. ఈ లోపలి గడియారం రోజుకు సుమారు ఒక గంట చొప్పున మాత్రమే కొత్త వేళకు సర్దుకుంటుంది. కాబట్టి ఖండాంతరం నుంచి వచ్చినవారు మధ్యాహ్నం కునికిపాట్లు పడి, అర్ధరాత్రి మేలుకొని కూర్చుంటే దానిని అలక్ష్యమనో అలవాటు మారిందనో అనుకోరాదు. మనిషి వచ్చాడు, అతని కాలం ఇంకా దారిలోనే ఉన్నది.

ఈ విచారణ అంతా ఎందుకు? కొన్ని సందర్భాలలో ఇది మనిషికి ప్రాణప్రదమైన లెక్క అవుతుంది. కరీంనగర్‌లో తండ్రికి జబ్బుచేసిందన్న కబురు, చలికాలంలో ఒక ఆదివారం రాత్రి 10 గంటలకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కుమార్తెకు అందిందనుకొందాం. మన గడియారంలో అది సోమవారం పగలు పదకొండున్నర. ఆమెకు మరునాటి ఉదయం 10 గంటల విమానంలో చోటు దొరికింది. పదహారు గంటల ప్రయాణం తరువాత ఆమె ఢిల్లీలో దిగేసరికి మంగళవారం మధ్యాహ్నం మూడున్నర. అక్కడి తనిఖీలకు, హైదరాబాదు విమానం కోసం ఎదురుచూపుకు నాలుగు గంటలు. హైదరాబాదుకు రెండు గంటలు. శంషాబాదు విమానాశ్రయం నుంచి బయటపడి రోడ్డు మార్గాన కరీంనగర్ చేరడానికి మరి నాలుగు గంటలు. ఆమె తండ్రి మంచం దగ్గర నిలిచేవేళకు బుధవారం రాత్రి ఒకటిన్నర. కబురందిన తరువాత ముప్పై ఎనిమిది గంటలు! అందులో ఆకాశంలో గడిచినవి పద్దెనిమిది గంటలే. మిగిలిన ఇరవై గంటలూ నేలమీదివి. “పదహారు గంటల ప్రయాణమే కదా, ఇంకా రాలేదేమి?” అని ఇంటివద్ద నిందించేవారికి, ఆ పదహారు గంటలు రెండు విమానాశ్రయాల మధ్య కాలమే గాని రెండు గడపల మధ్య కాలం కాదని తెలియాలి. వైద్యులతో మాట్లాడేటప్పుడు, బంధువులకు చెప్పేటప్పుడు, ఏ నిర్ణయమైనా తీసుకొనేటప్పుడు లెక్కలోకి రావలసినది గడప నుంచి గడపకు పట్టే కాలం.

దూరమన్నది ఒకే ఒక సంఖ్య కాదు. పటం మీది దూరం, గోళం మీది దూరం, ఆకాశంలో నడిచిన దూరం వేరువేరు. కాలమూ అంతే. గాలిలో గడిపిన కాలం, గడియారాలు చూపే కాలం, దేహం ఎరిగిన కాలం, గడప నుంచి గడపకు పట్టిన కాలం వేరువేరు. ఎవరైనా దూరకాలాలను ఒక్క సంఖ్యలో చెప్పినప్పుడు, “ఏ దూరం? ఏ కాలం?” అని అడగడం నేర్చుకోవాలి. ఆ చిన్న ప్రశ్న శాస్త్రాధ్యయనానికి ఎంత అవసరమో, ఎదురుచూసే మనిషి మనసు కుదుటపడడానికీ అంతే అవసరం.

కఠిన పదాలు – అర్థాలు

క్రోసు = సుమారు రెండు మైళ్ల దూరం
ఆమడ = నాలుగు క్రోసులు, సుమారు ఎనిమిది మైళ్ల దూరం
జాము = మూడు గంటల కాలం
ఘడియ = ఇరవై నాలుగు నిమిషాల కాలం
మజిలీ = ప్రయాణంలో దిగి విశ్రమించే చోటు
వికారం = మార్పు, రూపభేదం
వేధశాల = ఆకాశాన్ని, వాతావరణాన్ని పరిశీలించే స్థలం
ఉధృతి = తీవ్రత, వేగం
అపోహ = తప్పుడు అభిప్రాయం
ఉదంతం = వృత్తాంతం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పొడవైన దారి తక్కువ కాలంలో గమ్యం చేర్చడానికి గల కారణాలను వివరించండి.
2. “దూరమన్నది ఒకే ఒక సంఖ్య కాదు” – పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ప్రపంచపటానికీ గోళానికీ గల భేదాన్ని తెలపండి.
2. ఓయిషి పరిశోధన చాలాకాలం వెలుగులోకి రాకపోవడానికి కారణమేమి?
3. భూభ్రమణం గురించిన అపోహను రచయిత ఎట్లా తొలగించారు?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. ఒంపు తిరిగిన దారే ఒక్కొక్కసారి దగ్గరి దారి.
2. మనిషి వచ్చాడు, అతని కాలం ఇంకా దారిలోనే ఉన్నది.

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మహావృత్తం అంటే ఏమిటి?
2. జెట్ స్ట్రీమ్‌లు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు ప్రవహిస్తాయి?
3. పదహారు గంటలు ఎన్ని ఘడియలతో సమానం?

V. సంధులు
దూరమొకటి = దూరము + ఒకటి – ఉత్వసంధి
అత్యల్ప = అతి + అల్ప – యణాదేశసంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
శాస్త్రాధ్యయనం = శాస్త్ర + అధ్యయనం – సవర్ణదీర్ఘసంధి

VI. సమాసాలు
దూరకాలాలు – దూరమూ, కాలమూ – ద్వంద్వ సమాసం
గగనతలం – గగనము యొక్క తలం – షష్ఠీ తత్పురుష సమాసం
మహావృత్తం – గొప్పదైన వృత్తం – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VII. కృత్యం
మీ ఊరి నుంచి ఖండాంతరంలోని ఒక నగరానికి పోయే ప్రయాణాన్ని ఎన్నుకోండి. గడప నుంచి గడపకు పట్టే కాలాన్ని భాగాలుగా విభజించి పట్టికగా వ్రాయండి. అందులో ఆకాశంలో గడిచే కాలం ఎంతో, నేలమీద గడిచే కాలం ఎంతో తేల్చి, మీ పరిశీలనను పది వాక్యాలలో తెలపండి.